కుడిచేతి పాఠం: కొత్తగా బైక్ నేర్చుకునేవాళ్ళకి యాక్సిలరేటర్, బ్రేకులు

వైజాగ్‌లో కొత్తగా బండి నేర్చుకునే ఎవరికైనా మొదటిరోజే ఉచితంగా దొరికే సలహా ఒకటుంది: "ముందు బ్రేక్ జోలికి పోకు, పల్టీ కొడతావు." నాన్న చెప్తాడు, బావ చెప్తాడు, పక్కింటి అంకుల్ చెప్తాడు, పంక్చర్ షాపు దగ్గర నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషి కూడా చెప్తాడు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, చాలామంది డ్రమ్ బ్రేకుల కాలంలో నేర్చుకున్నవాళ్ళు కూడా. కానీ ఈ మాట నమ్మి నడిపితే బండికున్న ఆపే బలంలో సగానికి పైగా వాడకుండా పక్కన పెట్టేసినట్టే, ఎందుకంటే బ్రేక్ వేయగానే బరువు ముందుకి వస్తుంది, ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది, అలా తేలికైన టైరు మీద మీరు ఎంత బలంగా తొక్కినా అది జారడం తప్ప ఇంకేం చేయలేదు.

ముందు బ్రేక్ వల్ల పడ్డవాళ్ళు ఎవరైనా దొరికితే కాస్త వివరంగా అడగండి. దాదాపు అందరూ దాన్ని ఒక్కసారిగా గుంజేసినవాళ్ళో, హ్యాండిల్ తిప్పి ఉండగా పట్టుకున్నవాళ్ళో, ఇసుక మీద పట్టుకున్నవాళ్ళో అయ్యుంటారు. యాక్సిలరేటర్ సంగతి కూడా ఇంతే. ఒక్కసారిగా తిప్పితే బండి గెంతుతుంది, ఒక్కసారిగా మూసేస్తే ముక్కు నేలకి కొట్టినట్టు కుదుపు. యాక్సిలరేటర్, ముందు బ్రేక్ రెండూ ఉన్నది ఒకే చేతిలో, కుడిచేతిలో. అందుకే వీటిని రెండు పాఠాలుగా నేర్పడం నాకు నచ్చదు. కుడిచేత్తో ఏ పని చేసినా మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ముగించాలి, మధ్యలో ఎంత గట్టిగానైనా చేయొచ్చు. ఇక్కడి నుంచి రాసేదంతా ఆ ఒక్క అలవాటు చేతికి ఎలా ఎక్కించాలనే.

ముందు కాగితాల మాట రెండు ముక్కల్లో. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లెర్నర్ లైసెన్స్, తీసుకోకుండా రోడ్డెక్కొద్దు. గేర్ల బండికి 18 ఏళ్ళు నిండాలి. ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక లైసెన్స్ టెస్టుకి వెళ్ళొచ్చు, ఈలోపు తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ అక్షరం బండికి ముందూ వెనకా ఉండాలి. వెనక కూర్చోబెట్టుకోగలిగేది నేర్పే మనిషినే, ఆ మనిషికి లైసెన్స్ ఉండాలి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నది కొనండి, గడ్డం కింద స్ట్రాప్ బిగించండి. గ్లవ్స్ కూడా తీసుకోండి, మన ఊరి చెమటకి అరచెయ్యి గ్రిప్ మీద జారుతుంటుంది.

స్థలం ఎంచుకోవడంలో చాలామంది పప్పులో కాలేస్తారు. "పొద్దున్నే బీచ్ రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా" అంటారు. ఖాళీగా కనపడుతుంది, అంతే. వాకింగ్‌కి వచ్చేవాళ్ళు, రోడ్డుకి అడ్డంగా పరిగెత్తే కుక్కలు, గాలికి కొట్టుకొచ్చి అంచున పేరుకున్న ఇసుక, ఇవన్నీ మొదటి వారానికి పనికిరావు. మధురవాడ, కొమ్మాది, ఆనందపురం వైపు రోడ్లు వేసేసి ఇళ్ళు ఇంకా కట్టని లేఅవుట్లు చాలా ఉన్నాయి. అలాంటి దాంట్లో వాచ్‌మన్‌ని అడిగి పొద్దున 6 గంటలకి మొదలుపెడితే ఎండ ఎక్కే లోపు మంచి ప్రాక్టీసు అవుతుంది. ఎంవీపీ కాలనీలో, యూనివర్సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఖాళీగా ఉన్న ఏ గ్రౌండైనా చూసుకోవచ్చు, కానీ క్రికెట్ ఆడే ఆదివారం వద్దు. నేల గట్టిగా ఉండాలి. తారో సిమెంటో అయితే మేలు, మట్టి నేల మీద బ్రేక్ గురించి చెయ్యి నేర్చుకునేదంతా తప్పుడు లెక్కే.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందు

బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి కుడిచేతి గ్రిప్ తిప్పండి, యాక్సిలరేటర్ అంటే అదే. మొదట 2, 3 మిల్లీమీటర్లు ఖాళీగా తిరిగి, ఆ తర్వాత కేబుల్ లాగుతున్నట్టు చేతికి తెలియాలి. వదలగానే దానంతట అదే టక్కున వెనక్కి పోవాలి. పోకుండా మధ్యలో ఆగిందా, ఆ రోజు ప్రాక్టీసు మానేసి మెకానిక్ దగ్గరకి వెళ్ళండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడండి. తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగితే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోందని అర్థం, అలాంటి బండి మీద యూ టర్న్ తీసుకుంటే మీరు రేజ్ ఇవ్వకుండానే, అంటే గ్రిప్ తిప్పకుండానే, అది పరిగెత్తుతుంది.

చైన్ లూజుగా ఉన్నా యాక్సిలరేటర్ పాఠం ఎక్కదు. తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా చైన్‌లోని ఆ వదులు బిగుసుకునేటప్పుడు ఒక టక్ వస్తుంది, కొత్తవాళ్ళు అది తమ చేతి తప్పేమో అనుకుని టెన్షన్ పడతారు. ఎంత వదులు ఉండాలో మీ బండి మాన్యువల్‌లో రాసుంటుంది, టైర్లలో గాలి ఎంతో కూడా అందులోనే.

సముద్రం పక్కన ఉండే మనకి ఇంకొకటి ఉంది. రాత్రి బయట పెట్టిన బండికి పొద్దున్నే డిస్క్ మీద పల్చటి గోధుమరంగు తుప్పు కనిపిస్తుంది. మొదటి ఒకటి రెండు బ్రేకులకి గరగరమని శబ్దం వచ్చి పోతుంది, కంగారు పడక్కర్లేదు, కాకపోతే ఆ రెండు బ్రేకులూ ఇంటి సందులోనే వేసి చూసుకుని బయలుదేరండి. ఉప్పుగాలికి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ కూడా తొందరగా బిగుస్తాయి. కేబుల్‌కి రెండు చుక్కలు ఆయిల్ వేయడం మంచిదే, చైన్‌కి స్ప్రే కొట్టడం మంచిదే, కానీ ఆ స్ప్రే డిస్క్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. ఆయిల్ అంటిన డిస్క్ ఎంత నొక్కినా పట్టదు. డిస్క్ మెరవాలని పాలిష్ కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకో దండం.

చెయ్యి ఎలా పెట్టాలి

చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం ప్రమాదాలకి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. గ్రిప్ పట్టుకున్నప్పుడు మణికట్టు ముంజేతితో తిన్నగా, లేదంటే కాస్త కిందికే ఉండాలి. కొత్తవాళ్ళు మణికట్టు పైకి లేపి పట్టుకుంటారు, రేజ్ ఇవ్వడానికి అదే సులువనిపిస్తుంది కాబట్టి. ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి: గుంత వస్తుంది, లేదా బండి అనుకున్నదానికంటే ముందుకి ఉరుకుతుంది, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, వెనక్కి వాలిన ఒంటితో పాటు చెయ్యి కూడా వెనక్కి లాగబడి గ్రిప్ ఇంకా తెరుచుకుంటుంది, భయంతో మరింత బిగించి పట్టుకుంటారు, బండి మరింత ఉరుకుతుంది. గోడకో ఆటోకో తగిలాక గానీ ఆగదు. మణికట్టు కింద ఉంటే ఒళ్ళు వెనక్కి వాలినా గ్రిప్ తిరగడానికి అంత చోటుండదు. ఇంకో జాగ్రత్త, మోకాళ్ళతో ట్యాంక్‌ని నొక్కి కూర్చోండి. ఒంటి బరువు కాళ్ళ మీదా నడుం మీదా ఉండాలి, చేతుల మీద కాదు. చేతుల మీద బరువేసి కూర్చున్నవాళ్ళు బ్రేక్ వేసినప్పుడల్లా హ్యాండిల్‌ని తోసేస్తుంటారు.

వేళ్ళ సంగతి. మొదటి రోజుల్లో, ఖాళీ స్థలంలో, రేజ్ ఇచ్చేటప్పుడు నాలుగు వేళ్ళూ గ్రిప్ మీదే ఉంచండి. బ్రేక్ కావాలంటే ముందు గ్రిప్ పూర్తిగా మూసి, తర్వాత వేళ్ళు చాపి ముందు బ్రేక్ లివర్ అందుకోవాలి. ఇంజిన్ ఆపేసి, నిలబడ్డ బండి మీద ఈ కదలిక పదే పదే చేయండి: మూయి, చాపు, నొక్కు. టీవీ చూస్తూ కూడా చేయొచ్చు, బండి అక్కర్లేదు, వంటింట్లోని అప్పడాల కర్ర చాలు. ఎందుకింత పట్టుదల అంటే, కొత్త చేతికి వేళ్ళు ఒక పని, అరచెయ్యి ఇంకో పని చేయడం రాదు, బ్రేక్ నొక్కుతూనే రేజ్ కూడా ఇచ్చేస్తుంది. ఈ కదలిక చేతికి అలవాటయ్యాక, ట్రాఫిక్‌లోకి వెళ్ళినప్పుడు రెండు వేళ్ళు ఎప్పుడూ లివర్ మీద ఉంచుకోవచ్చు, మన రోడ్లకి అదే మంచిది.

క్లచ్, ఆ తర్వాత రేజ్

చదునైన చోట ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా ఎడమచేతి లివర్, అదే క్లచ్, ఒక్కటే మెల్లగా వదలండి. 100, 125 సీసీ బండి ఏదైనా ఐడిల్ మీదే నడకలా కదులుతుంది. ఒకచోట బండి కాస్త వణికి ముందుకి లాగుతుంది, హాఫ్ క్లచ్ అనేది ఆ చోటునే. అక్కడ ఆపి పట్టుకోండి, కాళ్ళతో నేలని తాకుతూ నడవండి, క్లచ్ పట్టి వెనక బ్రేక్‌తో ఆపండి, మళ్ళీ. ఇంజిన్ ఆగిపోతే ఆగిపోనివ్వండి, సిగ్గేమీ లేదు. ఇది బాగా వచ్చేదాకా రేజ్ జోలికి వెళ్ళొద్దు, ఎందుకంటే చాలామందికి యాక్సిలరేటర్ సమస్యలా కనిపించేది నిజానికి క్లచ్ సమస్య. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలియదు, భయంతో రేజ్ ఎక్కువిస్తారు, క్లచ్ టప్పున వదిలేస్తారు, ముందు చక్రం లేచినంత పనవుతుంది.

ఇప్పుడు సెకండ్ గేర్‌లో, తిన్నటి దారిలో, గంటకి 20 కిలోమీటర్ల దగ్గర స్పీడు నిలబెట్టండి. మీటర్ వంక చూస్తూ కూర్చోవద్దు, శబ్దం వినండి. తర్వాత 30కి తీసుకెళ్ళండి, బ్రేక్ ముట్టుకోకుండా మళ్ళీ 20కి తీసుకురండి. ఈ వెనక్కి తేవడమే అసలు పాఠం. తెరవడం అందరికీ వస్తుంది, మూయడం దగ్గరే కుదుపు. బావిలోకి చేద దించేటప్పుడు తాడు ఒక్కసారి వదిలేయం కదా, చేతిలోంచి కొంచెం కొంచెంగా జారనిస్తాం, గ్రిప్ కూడా అలాగే మూసుకోవాలి. గ్రిప్ మూయగానే ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది, గేర్ ఎంత తక్కువైతే ఆ పట్టు అంత ఎక్కువ. మీ దగ్గరున్న మొదటి బ్రేక్ ఇదే, పైగా దీనికి అరిగిపోయే ప్యాడ్లు లేవు. అయితే దీనితో వెనక లైటు వెలగదు, కాబట్టి వెనక బండి దగ్గరగా ఉంటే బ్రేక్ పెడల్‌ని ఊరికే తాకి లైటు వెలిగించండి.

మీ చెయ్యి ఎంత మెత్తబడిందో తెలుసుకోవాలంటే నేర్పే అన్ననో మామయ్యనో వెనక కూర్చోబెట్టుకోండి. రేజ్ ఇచ్చినప్పుడు ఆయన వెనక్కి ఊగినా, మూసినప్పుడు ఆయన హెల్మెట్ వచ్చి మీ హెల్మెట్‌కి టక్కున కొట్టుకున్నా ఇంకా పని ఉన్నట్టే. గేర్లు మార్చినా కూడా ఆ టక్ వినపడని రోజు రోడ్డు గురించి ఆలోచించవచ్చు.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వీటిలో కొన్ని, పూర్తిగా మూసిన గ్రిప్‌ని మళ్ళీ తెరిచే ఆ మొదటి క్షణంలో చిన్న కుదుపు ఇస్తాయి, పాత కార్బురేటర్ స్ప్లెండర్ మీద నేర్చుకుని కొత్త బండికి మారినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు గ్రిప్ మొత్తం మూయకుండా ఒక పిసరు తెరిచే ఉంచి, స్పీడు హాఫ్ క్లచ్‌తో సర్దుకోండి, పోతుంది. బుల్లెట్‌లాంటి పెద్ద సింగిల్ సిలిండర్ బండి అయితే గ్రిప్ మూసినప్పుడు ఇంజిన్ లాగే లాగుడు ఇంకా గట్టిగా ఉంటుంది, అక్కడ మూసే చెయ్యి మరీ మెత్తగా ఉండాలి.

బ్రేకులు: ముగ్గు పిండితో ఒక గీత

గ్రౌండ్‌లో అడ్డంగా ముగ్గు పిండితో ఒక గీత గీయండి. గీత దగ్గర బ్రేక్ మొదలుపెడతారు, ఆగిన చోట ఒక రాయి పెడతారు. రాయి రోజురోజుకీ గీత వైపు జరగాలి.

మొదట 20 స్పీడులో వెనక బ్రేక్ ఒక్కటే. బండి ఎంత దూరం పోయి ఆగిందో చూసి ఆశ్చర్యపోతారు. తర్వాత అదే స్పీడులో, తిన్నగా పోతూ, పొడి నేల మీద, వెనక చక్రం ఒక్క అడుగు మేర జారేదాకా తొక్కి చూడండి, చూపు ముందుకే పెట్టి. చక్రం లాక్ అయితే, అంటే తిరగడం ఆగి జారితే, ఎలా ఉంటుందో కాలికి ఒకసారి తెలిస్తే రోడ్డు మీద అది జరిగినప్పుడు గుండె ఆగదు. కాలు కాస్త తేలిక చేయగానే చక్రం మళ్ళీ తిరుగుతుంది. ఈ పని 20 దాటి చేయకండి. ఎక్కువ స్పీడులో తోక పక్కకి జారిపోయాక బ్రేక్ ఒక్కసారిగా వదిలేస్తే టైరుకి ఉన్నట్టుండి పట్టు దొరికి బండి మనిషిని అవతలికి విసిరేస్తుంది. అప్పుడు హ్యాండిల్ తిన్నగా, చూపు దూరంగా పెట్టి, ఆగేదాకా అలాగే పట్టుకోవడం నయం.

ఇప్పుడు అందరూ భయపెట్టిన ముందు బ్రేక్. నడక స్పీడులో మొదలుపెట్టండి. లివర్ నొక్కడంలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టులో లివర్‌లోని ఖాళీ పోయి ప్యాడ్లు డిస్క్‌ని తాకుతాయి, ముందు షాక్ అబ్జార్బర్లు కొంచెం కిందికి దిగుతాయి. ఆ దిగడం మీకు తెలియాలి. బరువు ముందు టైరు మీదకి వచ్చిందని బండి చెప్పే కబురు అది, వచ్చాక ఎంతైనా నొక్కండి, టైరు పట్టు కూడా అప్పటికి పెరిగి ఉంటుంది. ఈ రెండు మెట్ల మధ్య పట్టేది సెకనులో చిన్న ముక్క, కానీ ఆ ముక్క కూడా ఇవ్వకుండా గుంజితే బరువు రాకముందే చక్రం లాక్ అయి హ్యాండిల్ చేతుల్లోంచి జారిపోతుంది. ఒకవేళ ముందు చక్రం లాక్ అయినట్టు అనిపిస్తే వెంటనే వేళ్ళు వదిలి, మళ్ళీ మెత్తగా మొదలుపెట్టండి. చివర్లో, బండి ఆగబోయే ముందు, నొక్కుడు కొంచెం తగ్గించండి, లేకపోతే ముందుకి వంగిన బండి ఆగగానే వెనక్కి ఊగుతుంది, కాలు నేల మీద సరిగ్గా పడదు.

ముందూ వెనకా విడివిడిగా వచ్చాక రెండూ కలిపి. ముందు ఎంత, వెనక ఎంత అని లెక్క అడుగుతారు. పొడి రోడ్డు మీద తిన్నగా పోతున్నప్పుడు పనిలో ఎక్కువ భాగం ముందుదే, వెనకది బండిని తిన్నగా నిలబెట్టడానికి. తడి మీద రెండింటినీ దాదాపు సమంగా, రెండింటినీ మెత్తగా. ఇంతకు మించిన లెక్క వద్దు. 20 నుంచి 30కి, 30 నుంచి 40కి వెళ్ళండి, ప్రతి స్పీడులోనూ రాయి జరగడం ఆగిపోయాకే తర్వాతి స్పీడు.

స్పీడు పెరిగినంత లెక్కలో బ్రేక్ దూరం పెరగదు, ఇంకా వేగంగా పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే బ్రేక్ దూరం నాలుగు రెట్లు. 40లో పోతున్న బండి సెకనుకి సుమారు 11 మీటర్లు పోతుంది, 60లో సుమారు 17 మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని కంటికి కనపడి చెయ్యి కదిలేసరికి ఒక సెకను పోయిందనుకోండి, బ్రేక్ తగలకముందే అంత దూరం అయిపోయింది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం 40లో కంటే 60లో రెండుంపావు రెట్లు. గ్రౌండ్‌లో మీ రాయి ఎక్కడుందో అడుగులతో కొలుచుకుని, అదే దూరాన్ని మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వైపు వెళ్ళే హైవే మీద ఊహించుకుని చూడండి, ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏబీఎస్ ఉంది కదా అనేవాళ్ళకి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి కనీసం సీబీఎస్ ఉండాలి. సీబీఎస్ అంటే మీరు వెనక బ్రేక్ తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది, లాక్ కాకుండా ఆపే శక్తి దానికి లేదు. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, కానీ చాలా బండ్లలో ఉన్నది సింగిల్ ఛానల్, అంటే ముందు చక్రానికి మాత్రమే, వెనకది మామూలుగా లాక్ అవుతుంది. మీదేదో కొన్న షాపులోనే అడిగి తెలుసుకోండి. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ వేళ్ళ కింద టకటకా కొట్టుకుంటుంది. కొత్తవాళ్ళు అదేదో పాడైందనుకుని వదిలేస్తారు. వదలొద్దు, పట్టుకునే ఉండండి, క్లచ్ కూడా పట్టండి. గ్రౌండ్‌లో, మొదటి మెట్టూ రెండో మెట్టూ బాగా వచ్చాక, 30లో ఒకసారి కావాలనే దాన్ని పలికించి చూడటం మంచిది. మలుపులో వంగి ఉన్న బండికి మాత్రం మామూలు ఏబీఎస్‌ని నమ్ముకోవద్దు.

మలుపు, ఎనిమిది, ట్రాఫిక్

మలుపు రాకముందే, బండి తిన్నగా ఉండగానే బ్రేక్ పని పూర్తి చేసేయాలి. మలుపులో గ్రిప్ కొంచెం తెరిచి స్థిరంగా పట్టుకోవాలి, పెంచడం బయటికి వస్తున్నప్పుడు. మలుపు మధ్యలో భయపడి గ్రిప్ టక్కున మూయడం, దానికి తోడు ముందు బ్రేక్ గుంజడం, కైలాసగిరి దారిలోనైనా సింహాచలం కొండ మీదనైనా కొత్తవాళ్ళు పడిపోయేది ఇందుకే.

బాగా నెమ్మదిగా, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేక్ అసలు వద్దు. యూ టర్న్, పార్కింగ్, ఆర్టీవో ఆఫీసు టెస్టులో వేయమనే ఎనిమిది, వీటన్నిటికీ ఒకటే మందు: గ్రిప్ కొంచెం తెరిచి కదపకుండా ఉంచడం, హాఫ్ క్లచ్, కుడికాలితో వెనక బ్రేక్‌ని తేలిగ్గా తాకి ఉంచడం. ఇంజిన్ ముందుకి లాగుతుంటే వెనక బ్రేక్ వెనక్కి పట్టుకుంటుంది, ఆ రెండింటి మధ్య బండి నిలకడగా ఉంటుంది. టెస్టులో కాలు కింద పెట్టేసేవాళ్ళలో చాలామంది ఎనిమిది నడుమ గ్రిప్ మూసేసినవాళ్ళే. చూపు ముందు చక్రం మీద కాకుండా మీరు వెళ్ళబోయే చోట ఉండాలి.

ఊళ్ళోకి వచ్చాక జగదాంబ దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మీకు నేర్పేవి ఆటోలు. చెయ్యి ఎత్తిన మనిషి కనపడగానే ఆటో ఎడమకి కోసేసి ఆగుతుంది, ఇండికేటర్ కోసం ఎదురుచూడకండి. రోడ్డు పక్కన చెయ్యి ఎత్తిన మనిషి మీకు కనపడితే అప్పుడే గ్రిప్ మూసి, రెండు వేళ్ళు లివర్ మీదకి పోవాలి. గాజువాక, షీలానగర్ వైపు లారీల మధ్య అయితే ముందున్నదాని కంటే వెనకున్నదే ఎక్కువ చూసుకోవాలి. లోడు లారీ మీలా ఆగలేదు, దాని ముందు దూరి బ్రేక్ వేయడమంత తెలివితక్కువ పని లేదు.

ఎత్తూ పల్లం, ఇసుక, వాన

చదునైన ఊళ్ళలో నేర్చుకునేవాళ్ళకి లేని బెడద మనకొకటి ఉంది. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ రోడ్డుకి దిగే వీధులు, ఎండాడ ఎత్తు, కొండవాలు కాలనీలు, ఎక్కడో ఒకచోట ఎత్తు మీద ఆగి మళ్ళీ బయలుదేరక తప్పదు. ఎత్తు మీద ఆగినప్పుడు కుడికాలు వెనక బ్రేక్ మీద, ఎడమకాలు నేల మీద. క్లచ్‌ని హాఫ్ దాకా వదిలి, బండి లాగుతున్నట్టు తెలిశాక కొంచెం రేజ్ ఇచ్చి, అప్పుడు బ్రేక్ వదలాలి. ముందు బ్రేక్‌తో ఆపి పెట్టుకుంటే అదే చేత్తో రేజ్ ఇవ్వాలి, కొత్త చేతికి అది చాలా కష్టం. వెనక కారు మీకు ఆనుకుని హారన్ కొడుతూనే ఉంటుంది, కొట్టనివ్వండి.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్ళు, ఇంకా ఘోరంగా ఇంజిన్ ఆపేసేవాళ్ళు మన కొండల మీద కనపడుతూనే ఉంటారు. ఇంజిన్ పట్టు పోయాక భారమంతా బ్రేకుల మీదే, పొడవాటి దిగుడులో డ్రమ్ వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. సెకండ్‌లోనో థర్డ్‌లోనో దిగండి, బ్రేక్ వేసి వదిలి, వేసి వదిలి వాడండి. శృంగవరపుకోట దాటాక అరకు ఘాట్‌లో కూడా ఇదే పద్ధతి, అయితే ఎల్ బోర్డు ఉండగా ఆదివారం గ్యాంగుతో అరకు బయలుదేరొద్దు.

భీమిలి రోడ్డులో రుషికొండ దాటాక, సముద్రపు గాలి గట్టిగా వీచిన మర్నాడు, అంచునా మలుపుల్లోనూ ఇసుక పల్చగా పరుచుకుని ఉంటుంది. ఇసుక కనపడితే ముందే స్పీడు తగ్గించి, దాని మీద బ్రేకూ వేయకుండా, రేజ్ కూడా పెంచకుండా, తిన్నగా దాటేయండి. ఫిషింగ్ హార్బర్ వైపు చేపల బండ్ల నుంచి కారిన నీళ్ళ మీద, వానలో జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, రైలు పట్టాల మీద ఇదే సూత్రం. ఎండాకాలం తర్వాత పడే మొదటి వాన మొదటి అరగంట మరీ మోసం, రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ నీళ్ళతో కలిసి పైకి తేలతాయి, కుదిరితే ఎక్కడైనా టీ తాగి వెళ్ళండి.

లైసెన్స్ వచ్చాక మొదటిసారి అమ్మనో చెల్లినో ఎక్కించుకునే ముందు ఒక్క అరగంట మళ్ళీ ఆ గ్రౌండ్‌కి వెళ్ళండి. వెనక మనిషి ఉంటే బయలుదేరేటప్పుడు రేజ్ ఇంకొంచెం కావాలి, క్లచ్ ఇంకొంచెం నెమ్మదిగా వదలాలి, వెనక చక్రం మీద బరువు పెరుగుతుంది కాబట్టి వెనక బ్రేక్ ఒంటరిగా ఉన్నప్పటికంటే బాగా పనికొస్తుంది, అయినా మొత్తంగా ఆగడానికి ఎక్కువ చోటు పెట్టుకోండి. అమ్మ చీరలో ఒకవైపుకే కాళ్ళు పెట్టి కూర్చుంటే మీరు వేసే ప్రతి కుదుపూ ఆమెని పక్కకి లాగుతుంది, కొంగు చక్రానికి దూరంగా బిగించి ఉందో లేదో చూసి, ఆమెకీ హెల్మెట్ పెట్టి, అప్పుడు గేర్ వేయండి. ఇద్దరికి వెనక టైరులో గాలి ఎంత ఉండాలో చాలా బండ్లకి చైన్ కవర్ మీద స్టిక్కర్‌లోనే రాసుంటుంది, బంకులో పెట్రోలు కొట్టించేటప్పుడు అది కూడా చూపించి పట్టించుకోండి.